ఫైలు మూసిన తర్వాత

"ఈ వయసులో డాక్టరేట్ ఎందుకు మేడం? ప్రమోషన్ వస్తుందా, ఇంక్రిమెంట్ వస్తుందా?" అని ఆఫీసులో చాలామంది అడిగారు. ఇంట్లోనూ అడిగారు. వాళ్లలో ఎవరికీ నా మీద చిన్నచూపు లేదు. ఉద్యోగంలో ఉన్న మనిషి చదువుకు ఒక లెక్క ఉంటుంది. డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసైతే పై మెట్టుకు అర్హత వస్తుంది. ప్రభుత్వ పాలన శాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకుంటే నా హోదాలో గానీ, జీతంలో గానీ మార్పేమీ ఉండదు. ఆ సంగతి తెలిసే చేరాను.

నాకున్న కారణం ఒకటే. కలెక్టరేట్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టి సూపరింటెండెంట్ దాకా వచ్చిన ఇన్నేళ్లలో ఉద్యోగం నాకు పని నేర్పింది. ఏ అర్జీ ఏ సెక్షన్‌కు వెళ్లాలో, ఏ జీవో ఎక్కడ వర్తిస్తుందో, నోట్ ఎలా పుటప్ చేస్తే పై అధికారికి విషయం తేటగా అర్థమవుతుందో నేర్పింది. ఆ పని ఎందుకు అలాగే జరుగుతోంది, దానివల్ల అర్జీ పెట్టిన మనిషికి చివరికి ఏం ఒరిగింది అని అడగడానికి మాత్రం రోజువారీ పనిలో చోటు దొరకలేదు. ఆ ప్రశ్నకు చోటు వెతుక్కుంటూ యూనివర్సిటీకి వెళ్లాను. చదువుతున్నకొద్దీ ఒక నమ్మకం బలపడింది. పాలనలో ఉన్నవాళ్లు తమ పనినే పరిశోధించడం ఎవరో కొందరి సొంత ముచ్చట కాదు, ప్రజలకు మనం బాకీ ఉన్న పని. ఆ నమ్మకం గురించే ఈ నాలుగు మాటలు.

జిల్లా ఆఫీసులో కాగితం ప్రయాణం ఒక పద్ధతిలో సాగుతుంది. టపాలో వస్తుంది. ఇన్‌వార్డ్‌లో నంబరు పడుతుంది. సెక్షన్‌కు చేరి పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. బయటి నుంచి వచ్చిన కాగితాలు కరెంట్ ఫైలులో, మేం రాసుకున్నవి నోట్ ఫైలులో ఉంటాయి. ఉత్తర్వు అయ్యాక డిస్పోజల్. ఆర్.డిస్. అని రాస్తే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అంటే పదేళ్లు. ఎల్.డిస్. అంటే కొద్ది కాలం. ఎన్.డిస్. అంటే ఆ కాగితాన్ని వచ్చినచోటికే తిప్పి పంపేస్తాం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వస్తున్న ఈ పద్ధతి మీద నాకు చాలా గౌరవం ఉంది. కంప్యూటర్లు రాకముందు రికార్డు గదుల్లోని గుట్టల కొద్దీ కట్టల్లోంచి కావలసిన కాగితాన్ని వెతికి తీయగలిగామంటే దీని చలవే. అధికారి బదిలీ అయినా, కన్నుమూసినా ఫైలు ఉంటుంది. ఇప్పుడు ఈ-ఆఫీస్ వచ్చి కట్టలు తగ్గాయి గానీ వరుస అదే.

అయితే ఈ పద్ధతి కాగితాన్ని గుర్తుపెట్టుకున్నంత బాగా మనిషిని గుర్తుపెట్టుకోదు. నా పరిశోధన పుట్టింది సరిగ్గా ఇక్కడే.

సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఒక పెద్దావిడ వచ్చేది. భర్త పోయాడు. ఆయన పేరు మీదున్న కొద్దిపాటి భూమి విరాసత్ (వారసత్వం) కింద ఆమె పేరుకు మారాలి. అర్జీ ఇచ్చింది. అది కింది ఆఫీసుకు వెళ్లింది. ఫలానా చోట ఫలానా విధంగా దరఖాస్తు చేసుకోవాలని ఆమెకు జవాబు పంపారు. అర్జీ పరిష్కారమైనట్టు నమోదైంది. కొన్నాళ్లకు ఆమె మళ్లీ వచ్చింది.

"మొన్న కాయితం ఇచ్చిన గదమ్మా, ఏమైంది?"

"జవాబు పంపినం గదా పెద్దమ్మా, అందలేదా?"

"అందింది బిడ్డా. చదివిపిచ్చుకున్న. దాంట్ల ఏమున్నది, ఇంకో ఆఫీసుకు పొమ్మని ఉన్నది. ఆడికి పోతే ఈడికి పొమ్మన్నరు."

ఆమె కొత్త అర్జీ ఇచ్చింది. దానికి కొత్త నంబరు పడింది. మళ్లీ జవాబు వెళ్లింది. మళ్లీ పరిష్కారం. ఆమె ఎన్నిసార్లు వస్తే రిజిస్టర్‌లో అన్ని అర్జీలు, అన్ని పరిష్కారాలు. నెల చివర రిపోర్టు తయారుచేస్తే ఆ అంకెలన్నీ మా సెక్షన్ పనితీరుకు మంచి సాక్ష్యాలే. భూమి మాత్రం ఇంకా చనిపోయిన మనిషి పేరు మీదే ఉంది.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. అర్జీ తీసుకున్న అసిస్టెంట్ గడువులోగా పంపాడు. కింది ఆఫీసు గడువులోగా జవాబిచ్చింది. పైన సమీక్ష చేసినవారు పెండింగ్ ఎంత ఉందో అడిగారు. అందరూ తమకు అప్పగించిన పనిని నిజాయితీగానే చేశారు. అయినా ఆమె పని కాలేదు. అందరూ సరిగ్గానే పనిచేసినా జరగవలసింది జరగకపోతే లోపం మనుషుల్లో ఉందా, పని కొలిచే పద్ధతిలో ఉందా? చట్టాలు మారుతూనే ఉన్నాయి. 1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం స్థానంలో తెలంగాణలో 2020లో కొత్త చట్టం వచ్చింది. అదే ఏడాది వీఆర్వో వ్యవస్థ పోయింది, ధరణి పోర్టల్ వచ్చింది. 2025లో భూభారతి చట్టం వచ్చింది. చట్టం మారినప్పుడల్లా మేం శిక్షణకు వెళ్లాం, కొత్త ఫారాలు నేర్చుకున్నాం. ఇన్ని మార్పుల మధ్యా కౌంటర్ ముందు మారకుండా నిలిచిపోయింది ఏమిటన్నది ఎవరూ తీరిగ్గా కూర్చుని చూడలేదు. చూసే పని ఎవరి జాబ్ చార్ట్‌లోనూ లేదు.

ఆ పని చేయడానికే ఒక శాస్త్రం ఉందని చదువులోకి దిగాక తెలిసింది. ఆ శాస్త్రం పుట్టుకలోనే నాకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. 1887లో ఉడ్రో విల్సన్ పాలన అధ్యయనం మీద ఒక వ్యాసం రాశాడు. పాలనను ప్రత్యేక శాస్త్రంగా చదవాలన్న ఆలోచనకు చాలామంది దాన్నే మొదలుగా చెబుతారు. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన ఆయన అంతకుముందే తమ దేశపు కాంగ్రెస్ పనితీరు మీద పుస్తకం రాసి, దాని మీదే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందాడు. ఆయన ఉన్న బాల్టిమోర్ నుంచి వాషింగ్టన్‌కు కొద్దిసేపటి రైలు ప్రయాణం. అయినా ఆ పుస్తకం రాస్తున్నప్పుడు ఆయన కాంగ్రెస్‌ను వెళ్లి చూడలేదని జీవిత చరిత్రకారులు రాశారు. పుస్తకం గొప్పదే. కానీ అది దూరం నుంచి చూసిన చూపు.

ఇంకో చూపు హెర్బర్ట్ సైమన్‌ది. 1935లో, షికాగో విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లో, ఆయన మిల్వాకీ నగరంలో పిల్లల ఆటస్థలాల నిర్వహణను పరిశీలించడానికి వెళ్లాడు. వాటిని స్కూల్ బోర్డు, నగర పబ్లిక్ వర్క్స్ విభాగం కలిసి చూసుకునేవి. ఉన్న డబ్బుతో ఆటలు ఆడించే మనుషులను పెట్టుకోవాలా, స్థలాల బాగోగులకు ఖర్చు పెట్టాలా అన్నది వాళ్ల మధ్య తగువు. ఏది ఎంత మేలు చేస్తుందో లెక్కగట్టి నిర్ణయిస్తారని ఆర్థికశాస్త్రం చదివిన సైమన్ అనుకున్నాడు. అక్కడ అలాంటి లెక్క ఏదీ జరగలేదు. ఎవరి ఆఫీసు కళ్లతో వాళ్లు చూస్తున్నారు, తమ శాఖ పనే ముఖ్యమని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. మనిషి తనకు తెలిసినంత మేరకు, తన ఆఫీసు చూపించినంత మేరకు మాత్రమే ఆలోచించి నిర్ణయిస్తాడన్న ఆలోచన అక్కడ మొలకెత్తింది. అది డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంగా ఎదిగి, 1947లో పరిపాలనా ప్రవర్తన మీద పుస్తకంగా వచ్చింది. 1978లో సైమన్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక ఊరి ఆటస్థలాల బడ్జెట్ దగ్గర మొదలైన ప్రశ్న అంత దూరం వెళ్లింది. ఇది చదివినప్పుడు నా సెక్షన్‌లోని అర్జీల రిజిస్టర్ నాకు కొత్తగా కనబడింది.

1980లో మైకేల్ లిప్‌స్కీ రాసిన పుస్తకం ఇంకా దగ్గరగా తాకింది. పోలీసు కానిస్టేబుల్, బడి పంతులు, సంక్షేమ కార్యాలయంలో కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగి, వీళ్లను గురించిన పుస్తకం అది. పై వాళ్లు కాగితం మీద రాసిన విధానం ప్రజలకు చేరేది వీళ్ల చేతుల మీదుగా. పని ఎక్కువ, మనుషులు తక్కువ, గడువులు దగ్గర. ఆ ఒత్తిడిలో నెట్టుకురావడానికి వీళ్లు కొన్ని అలవాట్లు చేసుకుంటారు. ఆ అలవాట్లే చివరికి ప్రభుత్వ విధానం అవుతాయన్నాడాయన. అర్జీని పై నుంచి కిందికి, కింది నుంచి పక్కకు పంపి నంబరు మూసేయడం అలాంటి అలవాటే. దాన్ని సోమరితనమని తిట్టడం సులువు. అది ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే మార్చడానికి దారి దొరుకుతుంది.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఉద్యోగంలో ఉన్నవాళ్ల కోసమే వృత్తిపరమైన డాక్టరేట్లు ఉన్నాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యారంగంలో పనిచేసేవాళ్ల కోసం ఇలాంటి డాక్టరేట్ 1920 దశకం ఆరంభంలోనే వచ్చింది. అదే వరసలో అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు డాక్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఇస్తున్నాయి. పీహెచ్‌డీకీ దీనికీ స్థాయిలో ఎక్కువ తక్కువలు లేవు, మొదలయ్యే చోటు వేరు. పీహెచ్‌డీ సాధారణంగా అప్పటిదాకా వచ్చిన చదువులో ఉన్న ఖాళీని వెతికి పూరిస్తుంది. వృత్తిపరమైన డాక్టరేట్ పనిలో ఎదురైన చిక్కును తీసుకుని, దాన్ని శాస్త్రం వెలుతురులో పరీక్షించి, తిరిగి ఆ పనిలోకే తెస్తుంది. మొదటిదాన్ని తోటి పండితులు తూకం వేస్తారు. రెండోదాన్ని పండితులతో పాటు ఆ పని చేసేవాళ్లు కూడా తూకం వేయాలి.

మన దగ్గర పాలనలో ఉన్నవాళ్లకు మామూలుగా దొరికే దారి పార్ట్‌టైం పీహెచ్‌డీ. యూజీసీ 2022 నవంబర్‌లో తెచ్చిన నిబంధనలు దీనికి స్పష్టంగా వీలు కల్పించాయి. ఉద్యోగి చదువుకోవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు సమయం దొరికేలా ఉద్యోగ విధులు ఉన్నాయని, అవసరమైతే కోర్స్ వర్క్ కోసం రిలీవ్ చేస్తామని ఆఫీసు నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ తేవాలి. కోర్స్ వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు. మొత్తం చదువుకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. ఇల్లు, ఆఫీసు, చదువు మూడూ మోసే ఆడవాళ్లకు ఆ రెండేళ్ల విలువ ఏమిటో నాకు బాగా తెలుసు. ఇవి మంచి నిబంధనలు. వీటివల్లే నాలాంటివాళ్లు ఉద్యోగం మానకుండా పరిశోధన చేయగలుగుతున్నారు. కానీ తలుపు తీసినా, లోపలికి వెళ్లాక వాడే కొలబద్ద మాత్రం పూర్తికాలం పరిశోధకుల కోసం తయారైనదే. సినాప్సిస్ ఇచ్చేటప్పుడు గానీ, వైవాలో గానీ "దీనివల్ల మీ ఆఫీసులో ఏం మారాలి?" అన్న ప్రశ్న తప్పనిసరి కాదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే.

పనిచేస్తూనే తమ ప్రాంతాన్ని శ్రద్ధగా చదివి రాసిపెట్టడం మనకు కొత్త కాదు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి కర్నూలులో డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేశారు. 1872లో ఆయన 'శ్రీరంగరాజ చరిత్రము' అనే నవల రాశారు. తెలుగులో తొలి నవల ఏదన్న చర్చ వచ్చినప్పుడల్లా దాని పేరు వస్తుంది. అదే మనిషి 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ కూడా రాశారు. ఆ రోజుల్లో ఇలాంటి మాన్యువల్స్ ఎక్కువగా తెల్లదొరలు రాసినవే. ఆ వరసలో ఒక తెలుగు అధికారి తన జిల్లాను తానే చదివి రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా కర్నూలు చరిత్ర రాసేవాళ్లు ఆ పుస్తకం తెరుస్తారు. ఆయన చేతుల మీదుగా నడిచిన ఫైళ్లు ఎన్ని మిగిలాయో గానీ, ఆయన చదివి రాసింది మిగిలింది.

ఇంకో ఉదాహరణ ఆదిలాబాద్ అడవులది. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం, ఆయన అనుచరులు నిజాం పోలీసుల తూటాలకు బలయ్యారు. ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి పడింది. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గోండుల మధ్య మార్లవాయిలో ఉండి, వాళ్ల భాష, భూమి, కష్టాలు తెలుసుకున్నారు. 1945లో ఆయన నివేదికలను హైదరాబాద్ ప్రభుత్వ రెవెన్యూ శాఖ ప్రచురించింది. ఆయన ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. గోండు పిల్లలకు గోండి భాషలో చదువు చెప్పేందుకు మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వచ్చింది. గిరిజనులకు పట్టాలు ఇచ్చారు. గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. హైమెండార్ఫ్ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. పరిశోధన మనుషుల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి ఉత్తర్వుగా మారి, మళ్లీ ఆ మనుషుల దగ్గరికే చేరిన దారి అది. అంతకుముందు ఆ ప్రాంతంలో పనిచేసిన అధికారులకు గోండుల భూములు చేజారిపోతున్న సంగతి తెలియక కాదు. తెలిసినదాన్ని చదివి, నిరూపించి, ముందు పెట్టే పని జరగలేదు. ఆ ఆలస్యానికి మూల్యం ప్రాణాలతో చెల్లించినవారు గోండులు.

తర్వాతి కాలంలో జి. రాంరెడ్డి గారు పంచాయతీరాజ్ పాలన మీద పరిశోధించారు. ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. 1982లో మన దేశంలో తొలి ఓపెన్ యూనివర్సిటీగా హైదరాబాద్‌లో మొదలై, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో నడుస్తున్న విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పగలు పనిచేసుకునే మనిషికి కూడా ఉన్నత విద్య అందాలన్న ఆలోచనను ఒక పాలనాశాస్త్ర ఆచార్యుడు ఆచరణలో పెట్టి చూపించారు. నాకు ఈ శాస్త్రంలో తొలి పాఠాలు తెలుగులో దొరికింది కూడా ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాల్లోనే.

ఉద్యోగిగా ఉంటూ పరిశోధన చేయడంలో ఉన్న చిక్కులు వేరు. సమయం దొరకదన్నది అందరికీ తెలిసినదే. ఎన్నికలు, జనగణన, వరదలు, వీడియో కాన్ఫరెన్సులు ఏవీ పరిశోధన కోసం ఆగవు. అంతకంటే పెద్ద చిక్కు అధికారం. కుర్చీలో కూర్చున్న నేను "మా ఆఫీసు పని ఎలా ఉందమ్మా?" అని అడిగితే ఎదురుగా నిలబడ్డ మనిషి ఏం చెబుతుంది? "అంతా మంచిగనే ఉన్నదమ్మా" అంటుంది. ఆమె అర్జీ ఇంకా నా బల్ల మీదే ఉంది మరి. ఆ జవాబును పరిశోధనలో రాస్తే అది అబద్ధానికి గణాంకం తొడగడమే.

మా గైడ్ సార్ ఈ విషయంలో చాలా పట్టుగా ఉన్నారు. నా సెక్షన్‌కు సంబంధం లేని మండలాలు ఎంచుకోమన్నారు. ఆఫీసులో కాకుండా, కుదిరితే వాళ్ల ఇళ్ల దగ్గర, నా ఉద్యోగం సంగతి ముందే చెప్పి, మాట్లాడితే మేలు గానీ మాట్లాడకపోతే కీడు గానీ ఏదీ ఉండదని నమ్మకం కలిగించాకే మాట్లాడమన్నారు. సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవడం పరిశోధన నియమం. కానీ ఎన్నో కాగితాల మీద వేలిముద్రలు వేసి నష్టపోయినవాళ్లకు ఇంకో కాగితం చూస్తేనే భయం. అందుకే దాన్ని తెలుగులో చదివి వినిపించి, వాళ్లింట్లో చదువుకున్న పిల్లలతో మళ్లీ చదివించి, ఆ తర్వాతే అడిగేదాన్ని. ఇష్టం లేదన్నవాళ్లకు దండం పెట్టి వచ్చేసేదాన్ని. వద్దు అనే హక్కు ప్రభుత్వ ఉద్యోగి ముందు వాళ్లకు దొరకడం చాలా అరుదని అప్పుడు నాకు గట్టిగా తెలిసొచ్చింది.

తోటి ఉద్యోగుల దగ్గర భయం ఇంకోలా ఉంటుంది. ప్రశ్నలడిగితే ఇన్‌స్పెక్షన్ అనుకుంటారు. పేర్లు రాయనని, ఏ మండలమో తెలియనివ్వనని, తప్పు పట్టడానికి రాలేదని చెప్పాక ఒక సీనియర్ అసిస్టెంట్ మనసు విప్పి మాట్లాడాడు. "సమస్య తీరకముందే అర్జీ మూసేస్తున్నామని మాకూ తెలుసు మేడం. తెరిచి ఉంచితే పెండింగ్ కింద మా పేరు పైకి పోతుంది. మూస్తే ఎవరూ అడగరు" అన్నాడు. పుస్తకాల్లో నేను చదివిందంతా ఆ మాటల్లో ఉంది. దాన్ని నేను ఉద్యోగిగా ఎన్నోసార్లు విన్నాను. పరిశోధకురాలిగా విన్నప్పుడే దాని పక్కన రుజువు పెట్టాలన్న బాధ్యత వచ్చింది. ఎంతమంది ఇలా చేస్తున్నారు, ఏ రకం అర్జీల్లో చేస్తున్నారు, గడువు కొలిచే తీరు మారిస్తే ఇది మారుతుందా? వడ్లు దంచితే గానీ బియ్యం రావు. అనుభవాన్ని కూడా ఇలా ప్రశ్నలతో దంచి, చెరిగితే గానీ ఇంకొకరికి పనికొచ్చే జ్ఞానం కాదు.

నా అధ్యయనంలో చేసిన పని చూడటానికి చిన్నది. అర్జీలను నంబరును బట్టి కాకుండా మనిషిని బట్టి, సర్వే నంబరును బట్టి ఒకచోట చేర్చి చదివాను. వేర్వేరుగా పరిష్కారమైనట్టు కనబడిన అర్జీలు ఒకే కుటుంబానివని, ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయని అప్పుడు బయటపడింది. వారసుల్లో ఒకరు ఊళ్లో లేకపోవడం, పాత పహాణీలో ఒక పేరు, కొత్త రికార్డులో ఇంకో పేరు ఉండటం, విస్తీర్ణం తేడా రావడం వంటివి ఆ చిక్కులు. వీటిలో చాలావాటిని ఏ ఒక్క ఆఫీసూ ఒంటరిగా తీర్చలేదు. రెండు మూడు ఆఫీసులు ఒకేరోజు ఒకచోట కూర్చుంటే తీరేవి చాలా ఉన్నాయి. అర్జీ మూసే ముందు "మీ పని అయిందా?" అని అర్జీదారునే అడిగి నమోదు చేస్తే లెక్కల రూపమే మారిపోతుంది. ఇది కొండలు పిండి చేసే సిద్ధాంతమేమీ కాదు. కానీ ఒక ముసలావిడ బస్సు ఖర్చులు, ఒక రోజు కూలి, ఎండలో నిలబడే బాధ ఇందులో ఉన్నాయి. పాలనాశాస్త్రానికి ఇంతకంటే గౌరవప్రదమైన విషయం ఇంకొకటి నాకు తోచదు.

ఇక భాష సంగతి. నేను చదివిన అర్జీలన్నీ తెలుగులో ఉన్నాయి. విన్న మాటలన్నీ తెలుగువే. సిద్ధాంత గ్రంథం మాత్రం ఇంగ్లిష్‌లో రాస్తున్నాను. అది సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో చేరుతుంది, ప్రపంచంలో ఎవరైనా చదవవచ్చు. అది మంచిదే. కానీ అందులో నేను రాసింది నిజమో కాదో అందరికంటే బాగా చెప్పగలిగిన వాళ్లు, అంటే అర్జీదారులు, కింది స్థాయి ఉద్యోగులు, ఊరి సర్పంచులు దాన్ని చదవలేరు. వాళ్ల గురించి రాసింది వాళ్లు సరిదిద్దే వీలు లేకపోతే ఆ పరిశోధన సగమే అయినట్టు. అందుకే నా గ్రంథం సారాన్ని తెలుగులో విడిగా రాసి, నేను తిరిగిన ఊళ్లలో చదివి వినిపించాలని నిర్ణయించుకున్నాను. దాన్ని ఏ నిబంధనా అడగదు. నాకది ప్రమాణం.

ప్రభుత్వ ఆఫీసుల్లో రిటైర్మెంట్ సభలు చాలా చూశాను. శాలువా, పూలదండ, ఫొటో, నాలుగు మంచి మాటలు. భూమి రికార్డుల మెలికలన్నీ వేళ్ల మీద చెప్పగలిగిన మనిషి, ఏ ఊళ్లో ఏ తగువు ఏ తరంలో మొదలైందో తెలిసిన మనిషి మర్నాటి నుంచి ఆఫీసుకు రాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన కొత్త ఉద్యోగి మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటాడు. అతను నేర్చుకునేదాకా ప్రజలు ఎదురుచూస్తారు. ఇంత జ్ఞానాన్ని ఏటా చేజార్చుకునే స్తోమత మనకు లేదు.

హైదరాబాద్‌లో 1956 నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఉంది. మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రం చెప్పే మంచి ఆచార్యులున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరి స్థాయి నుంచి సచివాలయం దాకా చదువుకున్న, ఆలోచించే ఉద్యోగులున్నారు. వీళ్లందరినీ కలిపే వృత్తిపరమైన డాక్టరేట్‌ను మన విశ్వవిద్యాలయాలు మొదలుపెట్టాలి. ప్రశ్న ఆఫీసు నుంచి రావాలి. పరీక్షించేవాళ్లలో ఒక ఆచార్యుడితో పాటు ఆ పని తెలిసిన ఒక అధికారి ఉండాలి. తెలుగు సారాంశం తప్పనిసరి కావాలి. సిఫార్సుల మీద సంబంధిత శాఖ అవునో కాదో, ఎందుకో లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ప్రభుత్వం కోర్స్ వర్క్‌కు సెలవిచ్చి, పరిశోధనను తప్పులు వెతికే పనిగా కాకుండా సొంత ఆరోగ్య పరీక్షగా చూడాలి.

అవన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్న మిత్రులారా, మీ సర్వీసులో మీ ముందుకు మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్న ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ఎంచుకోండి. అది ఎందుకు తిరిగొస్తోందో పద్ధతిగా చదవండి. అర్జీ పెట్టినవాళ్లను అడగండి, తోటివాళ్లను అడగండి, రుజువులు సేకరించండి. డిగ్రీ వచ్చినా రాకపోయినా, మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు చదువుకునేలా తెలుగులో రాసిపెట్టండి.